సర్గ్ మజిలీలో ఆగిన ప్రయాణం
హజ్రత్ అబూ ఉబైదా (రజి) జీవితం నుంచి ఒక పాఠం

ఇల్లంతా ప్రయాణపు సందడిలో ఉంటుంది. టికెట్లు కొన్నాం, పెట్టెలు సర్దుకున్నాం. పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. అటువైపు బంధువులు ఎదురుచూస్తున్నారు. ఇంతలో మనం వెళ్ళబోయే ఊళ్ళో అంటువ్యాధి సోకిందని కబురు వస్తుంది. అప్పుడు ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. నుదుట రాసింది ఎక్కడున్నా తప్పదు, అల్లాహ్ మీద భారం వేసి బయలుదేరుదామని ఒకరంటారు. చంటిపిల్లలతో, ముసలివారితో తెలిసి తెలిసి అలాంటి చోటికి వెళ్ళడమేమిటని మరొకరంటారు. ఆగిపోతే మన విశ్వాసం బలహీనమైనదని నలుగురూ అనుకుంటారేమోనన్న బెరుకు కొందరికి ఉంటుంది. కట్టిన డబ్బు పోతుందన్న దిగులు మరికొందరికి ఉంటుంది.

ఈ చిక్కు మన కాలంలో పుట్టింది కాదు. దాదాపు 1,400 ఏళ్ళ క్రితం, హిజాజ్, షామ్ దేశాల సరిహద్దులో ఒక మజిలీ దగ్గర సరిగ్గా ఇదే ప్రశ్న తలెత్తింది. వాదించుకున్నవారు సామాన్యులు కారు. ఒకరు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి). మరొకరు ఆయన ప్రాణమిత్రుడు, షామ్ సేనాని హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి). ఇద్దరూ స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబాలలోనివారే. ఆ రోజు ఒకరు వెనక్కి తిరిగారు, మరొకరు వ్యాధి ఉన్న నేలకే వెళ్ళారు. ఇద్దరూ చేసింది సరైన పనే ఎలా అయింది? దీనికి జవాబు హజ్రత్ అబూ ఉబైదా (రజి) జీవితంలో ఉంది. అందుకే ఈ వారం ఆ మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

నమ్మకానికి మారుపేరు

ఆయన అసలు పేరు ఆమిర్ బిన్ అబ్దుల్లాహ్. తాతగారి పేరుతో ఇబ్నుల్ జర్రాహ్ అని ప్రసిద్ధి పొందారు. మక్కాలోని ఖురైష్ తెగలో ఫిహ్ర్ వంశానికి చెందినవారు. పొడగరి, సన్నని మనిషి, పలుచని గడ్డం. హజ్రత్ అబూబక్ర్ (రజి) ప్రోత్సాహంతో ఇస్లాం స్వీకరించిన తొలివారిలో ఒకరు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. మక్కావాసుల వేధింపులు భరించారు, అబిసీనియాకు వలసవెళ్ళారు, ఆ తరువాత మదీనాకు హిజ్రత్ చేశారు. బద్ర్ పోరాటంలో పాల్గొన్నారు.

ఉహుద్ యుద్ధంలో మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి శిరస్త్రాణానికున్న ఇనుప కడియాలు రెండు చెక్కిలిలో గుచ్చుకుపోయాయి. చేత్తో లాగితే నొప్పి కలుగుతుందని అబూ ఉబైదా (రజి) వాటిని పళ్ళతో పట్టి లాగారు. ఒక్కో కడియంతో పాటు ఆయన ముందుపళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ముందుపళ్ళు లేకపోయినా ఆ ముఖం ఎంతో అందంగా ఉండేదని సమకాలికులు చెప్పుకునేవారు.

తమతో పాటు నమ్మకస్తుడైన ఒక మనిషిని పంపమని నజ్రాన్ ప్రతినిధులు కోరినప్పుడు, ఎందరో ఆశగా ఎదురుచూస్తుండగా, మహాప్రవక్త (స) అబూ ఉబైదా (రజి)ని నిలబెట్టారు. ఈ సమాజానికి విశ్వసనీయుడు ఈయనేనని అందరి ముందూ ప్రకటించారు. అప్పటి నుంచి అమీనుల్ ఉమ్మత్ అన్నది ఆయన బిరుదు అయింది. అమీన్ అంటే ఇతరులు అప్పగించిన అమానత్‌ను కాపాడేవాడు. ఆయన జీవితంలో ఏ ఘట్టం తీసుకున్నా ఈ గుణమే కనిపిస్తుంది.

హిజ్రీ 8వ సంవత్సరంలో 300 మంది దళానికి నాయకునిగా ఆయన సముద్రతీరానికి వెళ్ళారు. దారిలో ఆహారం తరిగిపోయింది. అందరి దగ్గరా మిగిలినదంతా ఒకచోట చేర్చి, అందరికీ సమానంగా పంచడం మొదలుపెట్టారు. చివరికి మనిషికి రోజుకు ఒక్క ఖర్జూరపు పండే దక్కింది. నాయకునికీ ఒక్కటే. వారు ఆకులు కూడా తిన్నారు. చివరకు సముద్రం ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఒక పెద్ద చేప వారి ఆకలి తీర్చింది. కష్టకాలంలో నాయకుని వాటా అందరి వాటా కంటే ఎక్కువ కాకూడదన్నది ఆయన జీవితాంతం పాటించిన నియమం.

షామ్ సేనాని

మహాప్రవక్త (స) పరలోకగతులైన రోజున హజ్రత్ అబూబక్ర్ (రజి) నాయకత్వానికి ఇద్దరి పేర్లు సూచించారు. ఒకటి ఉమర్ (రజి)ది, రెండవది అబూ ఉబైదా (రజి)ది. ఆ ఇద్దరూ వెనక్కి తగ్గి అబూబక్ర్ (రజి) చేతి మీదనే ప్రమాణం చేశారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయ్యాక, షామ్ సేనలకు హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) స్థానంలో అబూ ఉబైదా (రజి)ని ప్రధాన సేనానిగా నియమించారు. షామ్ అంటే నేటి సిరియా, జోర్డాన్, పాలస్తీనా, లెబనాన్ ప్రాంతాలు కలిసిన దేశం. యుద్ధం మధ్యలో ఉండగా ఆ ఉత్తరువు చేరిందనీ, ఖాలిద్ (రజి) మనసు కష్టపడుతుందనీ సైన్యం కలతపడుతుందనీ యుద్ధం ముగిసేవరకు ఆయన దానిని బయటపెట్టలేదనీ చరిత్రకారులు రాశారు.

క్రీ.శ. 636లో యర్మూక్ యుద్ధానికి ముందు రోమన్ల మహాసైన్యం కదిలివస్తుంటే ముస్లిం సేనలు గెలిచిన పట్టణాలను వదిలి వెనక్కి జరగవలసి వచ్చింది. అప్పుడు ఆ పట్టణాల ప్రజల నుంచి వసూలు చేసిన పన్నును వారికి తిరిగి ఇచ్చివేయవలసిందిగా అబూ ఉబైదా (రజి) ఆదేశించారని ఇమామ్ అబూ యూసుఫ్ తన గ్రంథంలో రాశారు. రక్షణ కల్పిస్తామని తీసుకున్న సొమ్ము అది. రక్షించలేనప్పుడు దాచుకోవడానికి వీలులేదు.

బైతుల్ ముఖద్దస్ ఒప్పందం కోసం షామ్ వచ్చిన ఖలీఫా, అబూ ఉబైదా (రజి) ఇల్లు చూడాలని పట్టుబట్టారు. ఒక దేశాన్ని ఏలుతున్న సేనాని ఇంట్లో ఒక కత్తి, ఒక డాలు, ఒంటె జీను తప్ప మరేమీ కనిపించలేదు. ఇంకోసారి పరీక్షించడానికి అన్నట్లు ఖలీఫా 400 దీనారాలు పంపి, వాటిని ఏం చేస్తారో చూసి రమ్మని సేవకునికి చెప్పారు. ఆ సంచి ఆయన ఇంట్లో ఒక పూట కూడా నిలవలేదు. పేదలకు పంచేశారు.

ఇలాంటి మనిషి ఉన్న దేశంలోకి ప్లేగు ప్రవేశించింది.

ఆ మజిలీలో జరిగిన చర్చ

ప్లేగును అరబీలో తావూన్ అంటారు. చంకలలో, గజ్జలలో గడ్డలు లేచి, తీవ్రమైన జ్వరంతో రోగిని కొద్ది రోజులలోనే బలితీసుకునే వ్యాధి ఇది. క్రీ.శ. 541లో ఈజిప్టులో బయటపడి, రోమన్ సామ్రాజ్యమంతటా పాకిన ఆ మహమ్మారి రెండు శతాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే ఉంది. అలాంటి ఒక విజృంభణ హిజ్రీ 17, 18 సంవత్సరాల ప్రాంతంలో పాలస్తీనాలోని అమ్వాస్ అనే ఊరి పేరుతో చరిత్రలో నిలిచిపోయింది. ఈ ఊరు రమ్లా, బైతుల్ ముఖద్దస్‌ల మధ్య ఉంది.

ఆ రోజుల్లోనే హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుంచి షామ్‌కు బయలుదేరారు. వెంట పెద్ద సంఖ్యలో సహాబాలున్నారు. తబూక్ ప్రాంతంలోని సర్గ్ వరకు వచ్చారు. సర్గ్ మదీనాకు పదమూడు మజిలీల దూరమని పాత గ్రంథాలు చెబుతున్నాయి. అక్కడ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు ఎదురువచ్చి కలిశారు. షామ్‌లో తావూన్ వ్యాపించిందన్న వార్త చెప్పారు.

ఖలీఫా తన ఒక్కరి ఇష్టంతో నిర్ణయం తీసుకోలేదు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)ని పిలిచి, మొదట ముహాజిర్లను రప్పించారు. వారిలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఒక కార్యం మీద బయలుదేరాం, మధ్యలో తిరిగిపోవడం తగదని కొందరన్నారు. మహాప్రవక్త (స) సహచరులలో మిగిలిన ఇంతమందిని వ్యాధికి ఎదురు నడిపించడం తగదని మరికొందరన్నారు. వారిని పంపివేసి అన్సార్లను పిలిచారు. వారిలోనూ అదే భేదం. మూడవసారి, మక్కా విజయ కాలపు ముహాజిర్లలోని ఖురైష్ వృద్ధులను పిలిపించారు. వారిలో ఇద్దరు కూడా భేదించలేదు. జనాన్ని తీసుకుని తిరిగిపోవడమే మేలని ఒక్కమాటగా చెప్పారు. తెల్లవారగానే మదీనాకు తిరుగు ప్రయాణమని ఖలీఫా ప్రకటించారు.

అప్పుడు అబూ ఉబైదా (రజి) లేచి నిలబడ్డారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతారా అని సూటిగా అడిగారు. ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే బాగుండేదే, అబూ ఉబైదా నోట వినవలసి వచ్చిందే అని ఉమర్ (రజి) బాధపడ్డారు. అయినా కోపగించుకోలేదు, ఓపికగా జవాబిచ్చారు. అవును, అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయంలోకే వెళుతున్నామన్నారు. ఒంటెలున్న మనిషి ఒక లోయలోకి దిగాడనీ, దానికి ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉన్నాయనీ అనుకుందాం. పచ్చికలో మేపినా, బీడులో మేపినా రెండూ అల్లాహ్ నిర్ణయంతోనే జరుగుతాయి కదా అని వివరించారు.

ఈ ఒక్క జవాబులో తఖ్దీర్ గురించిన ఎన్నో అపోహలు తొలగిపోతున్నాయి. రోగం అల్లాహ్ నిర్ణయమైతే, దాని గురించిన కబురు ముందుగా మన చెవిన పడడమూ అల్లాహ్ నిర్ణయమే. ఆలోచించే తెలివీ ఆయన ఇచ్చిందే. పచ్చిక కళ్ళెదుట ఉండగా ఒంటెలను బీడులోకి తోలే కాపరిని భక్తుడని ఎవరూ అనరు.

ఇంతలో, ఏదో పని మీద వెళ్ళి ఆ చర్చలో లేని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చారు. ఈ విషయంలో తన దగ్గర స్పష్టమైన జ్ఞానముందన్నారు. ఒక ప్రాంతంలో తావూన్ ఉందని వింటే అక్కడికి వెళ్ళవద్దనీ, మీరున్న చోటనే అది వస్తే దానికి భయపడి పారిపోవద్దనీ మహాప్రవక్త (స) బోధించగా తాను విన్నానని తెలిపారు. ఉమర్ (రజి) అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుని వెనుదిరిగారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన నమోదై ఉంది.

గమనించవలసిన విషయమొకటి ఉంది. ఆ హదీసు వినక ముందే ఖలీఫా తిరిగివెళ్ళాలని నిర్ణయించారు. పెద్దలతో సంప్రదించి, మంచిచెడ్డలు తూచి, నలుగురి క్షేమం చూసుకుని తీసుకున్న నిర్ణయం చివరకు మహాప్రవక్త (స) బోధనతో సరిపోయింది.

వెళ్ళని సేనాని

హదీసులో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం ఉమర్ (రజి)కి వర్తించింది. వారు బయట ఉన్నారు కనుక లోపలికి వెళ్ళలేదు. రెండవ భాగం అబూ ఉబైదా (రజి)ది. ఆయన సైన్యం, ఆయన ప్రజలు షామ్‌లోనే ఉన్నారు. ఆయన తన బాధ్యత ఉన్న చోటికి తిరిగివెళ్ళారు. వాదించుకున్న మిత్రులిద్దరూ మనసులో ఏమీ పెట్టుకోకుండా విడిపోయారు. ఒకరి దారి దక్షిణానికి, మరొకరి దారి ఉత్తరానికి.

వ్యాధి ఉధృతమైంది. మదీనాలో ఉమర్ (రజి)కి నిద్రపట్టలేదు. మిత్రుణ్ణి ఎలాగైనా కాపాడుకోవాలనుకున్నారు. ముఖాముఖి మాట్లాడవలసిన అవసరమొకటి వచ్చిందనీ, ఈ లేఖ అందగానే ఆలస్యం చేయకుండా బయలుదేరి రావాలనీ రాశారు. ఖలీఫా పిలుపు అది. దానిని పట్టుకుని మదీనా చేరితే వేలెత్తి చూపేవారెవరూ ఉండరు. కాని అబూ ఉబైదా (రజి)కి ఆ అవసరమేమిటో అర్థమైంది. తాను ముస్లింల సైన్యంలో ఉన్నాననీ, వారిని వదిలి తన ఒక్క ప్రాణాన్ని కాపాడుకోలేననీ, అల్లాహ్ నిర్ణయం వెలువడేవరకు వారితోనే ఉంటాననీ, తనను మన్నించాలనీ జవాబు రాశారు.

ఆ ఉత్తరం చదివి ఉమర్ (రజి) కన్నీరు పెట్టుకున్నారు. అబూ ఉబైదా చనిపోయారా అని చుట్టూ ఉన్నవారు అడిగారు. లేదు, కాని చనిపోయినట్లేనని ఆయన అన్నారు.

ఆ తరువాత ఖలీఫా రెండవ లేఖ రాశారు. మీరు ప్రజలను తేమ నిండిన పల్లపు నేలలో దించారు, వారిని ఎత్తయిన, గాలి మంచిగా ఉండే ప్రదేశానికి తరలించండి అని ఆదేశించారు. దీనికి అబూ ఉబైదా (రజి) వెంటనే అంగీకరించారు. తానొక్కరు తప్పించుకోవడం వేరు, అందరినీ కాపాడడం వేరు. అనువైన చోటు వెదకమని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)కి చెప్పారు. అబూ మూసా (రజి) ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్యకు వ్యాధి సోకి ఉంది. దానితో ఆ పనికి అబూ ఉబైదా (రజి) స్వయంగా బయలుదేరారు. వాహనం ఎక్కబోతుండగా ఆయనకూ వ్యాధి తగిలిందని చరిత్ర చెబుతోంది. హిజ్రీ 18లో, 58 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. జోర్డాన్ లోయలో ఆయన పేరిట సమాధి, మసీదు ఉన్నాయి.

ఆయన తరువాత బాధ్యత తీసుకున్న హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) ఇంటివారు అదే వ్యాధితో రాలిపోయారు. నలభై ఏళ్ళు కూడా నిండని ముఆజ్ (రజి) కూడా వారి వెంటే వెళ్ళారు. యజీద్ బిన్ అబూ సుఫ్యాన్ (రజి), షుర్హబీల్ బిన్ హసనా (రజి) వంటి సేనానులూ అమరులయ్యారు. మొత్తం 25,000 మంది మరణించారని పాత చరిత్రకారులు రాశారు. చివరకు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జనాన్ని చిన్న చిన్న గుంపులుగా కొండలమీదికి చెదరగొట్టారు. వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఉమర్ (రజి) అప్పుడు మళ్ళీ షామ్‌కు వెళ్ళారు. చనిపోయినవారి ఆస్తులను వారసులకు పంచి, వ్యవహారాలు చక్కబెట్టారు. ఆనాడు సర్గ్‌లో ఆగిన ప్రయాణం రద్దు కాలేదు, వాయిదా పడింది. వెళ్ళవలసిన సమయంలో వెళ్ళి చేయవలసిన పని చేశారు.

తన అంతిమ ఘడియల్లో వారసుని ప్రస్తావన వచ్చినప్పుడు, అబూ ఉబైదా బతికి ఉంటే ఆయన్నే నియమించేవాణ్ణని ఉమర్ (రజి) తలచుకున్నారు.

మనం నేర్చుకోవలసింది

ఈ బోధనలోని వివేకం వైద్యశాస్త్రం పెరిగిన కొద్దీ మరింత స్పష్టమవుతోంది. ప్లేగు సూక్ష్మక్రిమి ఎలుకల మీది గోమార్ల ద్వారా మనిషికి చేరుతుంది. చేరినవెంటనే జబ్బు కనిపించదు. సాధారణంగా ఒకటి నుంచి ఏడు రోజులు పడుతుంది. ఊపిరితిత్తులకు సోకితే తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికీ పాకుతుంది. ఆ కొద్ది రోజులలో ప్రయాణం చేసేవాడు ఆరోగ్యంగానే ఉన్నాననుకుంటాడు. వెళ్ళిన ఊరికి జబ్బును మోసుకుపోతాడు. వెళ్ళవద్దన్న మాట మనల్ని కాపాడుతుంది. బయటికి రావద్దన్న మాట మన పొరుగువారిని కాపాడుతుంది. ఇద్దరి ప్రాణాలూ మన దగ్గరున్న అమానత్తే.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త పుట్టగానే లక్షలాది జనం రైళ్ళూ బస్సులూ పట్టుకుని ఊరు విడిచారు. అక్కడ మరమగ్గాలు నమ్ముకుని బతికే తెలుగువారూ ఎందరో ఉన్నారు. భయం మనుషుల్ని ఎంత దూరం పరుగెత్తిస్తుందో దేశమంతా చూసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మరో దృశ్యం చూశాం. ఆ ఏడాది ఫిబ్రవరి 27న సౌదీ ప్రభుత్వం విదేశీయులకు ఉమ్రా ప్రయాణం నిలిపివేసింది. హజ్‌ను ఆ దేశంలో ఉన్న వెయ్యి మందికి పరిమితం చేసింది. మన దేశం నుంచి ఎవరినీ పంపడం లేదని జూన్ 23న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. రెండు లక్షల మందికి పైగా దరఖాస్తుదారుల కల ఆగిపోయింది. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టుకున్న మన తెలుగు కుటుంబాలూ అందులో ఉన్నాయి. కాబా దర్శనమే ఆగగలిగినప్పుడు, సరదా కోసం వెళ్ళే విహారయాత్ర ఆగితే నష్టమేముంది?

కనుక రేపు ఇలాంటి సందర్భం వస్తే సర్గ్ మజిలీని గుర్తుచేసుకుందాం. ఒక్కరి పట్టుదల మీద కాకుండా ఇంట్లో అందరితో సంప్రదిద్దాం. ఉమర్ (రజి) మూడు బృందాలను అడిగారు. మనం కనీసం ఒక వైద్యుణ్ణి, అక్కడున్న బంధువులను అడగలేమా? జబ్బు సోకిన ప్రాంతమని నికరంగా తెలిస్తే ప్రయాణం వాయిదా వేద్దాం. పోయిన టికెట్టు డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. వ్యాధి మన ఊళ్ళోనే ఉంటే, జ్వరాన్ని దాచిపెట్టి రైలెక్కకుండా ఉందాం. చికిత్స కోసం ఆస్పత్రికి వెళ్ళడం పారిపోవడం కాదని కూడా తెలుసుకుందాం. ఇంట్లో ఎవరైనా వేరే మాట అంటే వారి విశ్వాసాన్ని శంకించవద్దు. అబూ ఉబైదా (రజి) అడిగిన ప్రశ్నకు ఉమర్ (రజి) ఇచ్చింది జవాబు, నింద కాదు.

ఆగడానికీ ధైర్యం కావాలి, నిలబడడానికీ ధైర్యం కావాలి. ఎప్పుడు ఏది అవసరమో తెలుసుకునే వివేకాన్నీ, మన చేతిలో ఉన్న ప్రాణాలను అమానత్‌గా కాపాడే మనసునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.